ఒక్క రాత్రి దూరం

ప్రొద్దుటూరు,
30-9-1956.

చిరంజీవి జగన్నాథానికి,

పైన శ్రీకారం పెట్టలేదు. ఎందుకో నీకు తెలుసు. నిన్నటితో కర్మలన్నీ ముగిశాయి. ‘ఎలా జరిగింది’ అని నీ తంతిలో అడిగావు. జరిగింది రాస్తున్నాను.

ఆ సోమవారం కమల మామూలుగానే లేచింది. కాఫీ తానే కలిపింది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకెత్తలేక దువ్వెన నాకిచ్చింది. నాకు జడ వేయడం రాదు. ముడి వేశాను. అద్దంలో చూసుకుని, “విమానంలో ఎవురు చూడొస్తార్లే బావా” అంది.

పక్కింటి సుబ్బరాయుడు బంగారు అంగడి కట్టేసి తన కారు ఇచ్చాడు. ముందు జమ్మలమడుగు ఆస్పత్రికి పోయి, కంటి వార్డులో ఉన్న మీ అమ్మకు చెప్పి, అక్కడినుంచి ముద్దనూరు స్టేషనుకు పోవాలని అనుకున్నాం. సాయంకాలం రైలు ఎక్కితే మంగళవారం పొద్దునకు మద్రాసు. ఆ రాత్రి నేను విమానం ఎక్కిస్తే బుధవారం తెల్లవారుజామున ఢిల్లీలో నువ్వు దింపుకుంటావు. కమల దారి పొడుగునా ఇదే చెప్పించుకుంది. ఆపరేషనుకు ఢిల్లీ పోవాలంటే మద్రాసు నుంచి రెండు రాత్రుల రైలు కుదుపు గుండె తట్టుకోదని అక్కడి డాక్టరు చెప్పబట్టే విమానం అనుకున్నాం. తీరా పోయేటప్పుడు విమానం కోసమే పోతున్నట్టుగా సంబరపడింది.

అత్తకు శుక్లాల ఆపరేషనై అప్పటికి ఐదో రోజు. రెండు కళ్ళకూ కట్లు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు. మీ కృష్ణవేణమ్మత్త తోడుంది. కమల మంచం మీద కూర్చుంటే అత్త ఆమె ముఖమంతా తడిమింది.

“ఏమే, అంత పైన ఊపిరాడుతుందంటనా?”

“కింద ఆడేది ఏం బాగుండాదిలేమ్మా. పైనన్నా ఆడుతుందేమో చూసొస్తా.”

అత్త నవ్వింది. నవ్వినా కుట్లు ఊడతాయని నర్సు కసిరింది. “నలభై రోజులు నవ్వకూడదంట, ఏడవకూడదంట. ఇదేం బతుకే” అంది అత్త. “పో, కిటికీ పక్కన కూర్చో. వచ్చినాక ఏమేం చూసినావో చెప్పు.”

బయటికి వచ్చాం. వరండా చివర కమల స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. ఆయాసం అనుకున్నాను. అక్కడే కూలబడింది. ఆడవాళ్ళ వార్డులోకి తీసుకుపోయారు. అది కంటి వార్డు వెనకే. డాక్టర్లు చేయవలసింది చేశారు. మూడు దాటాక పోయింది. చివరగా “రైలు?” అని అడిగింది. “ఇంకా టైముంది” అన్నాను.

కృష్ణవేణమ్మత్త వచ్చి చూసి, కొంగుతో కమల ముఖం తుడిచింది. తర్వాత, “సుమంగళిగా పోయింది. పుట్టింటి చీర కప్పాల” అంది. మీ అమ్మ మంచం కింద పెట్టెలో దసరాకు కొన్న వంగపండు రంగు నేత చీర ఉంది. దానికోసం లోపలికి పోయింది. తీసుకోవడానికి నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

“పెట్టెందుకు తీస్తాండావే?” అంది అత్త.

“ఆ కొత్త చీర కమలకిచ్చి పంపుతా వదినా. పైన చలంట.”

“మంచిపని చేస్తాండావు. నాకు తోచలే. వాకిట్లో ఎవురు? వ్యాసుడా?”

“ఎవురూ లేరు. వాళ్ళు కార్లో ఉండారు.”

“వాడి చెప్పుల సప్పుడు మాదిరి ఉంటే.”

నేను చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, చీర తీసుకుని వెనక్కి వచ్చాను.

అదే కారులో ప్రొద్దుటూరుకు తెచ్చాం. మంగళవారం పొద్దున పెన్న ఒడ్డున దహనం. మాకు పిల్లలు లేరు కాబట్టి అన్నీ నేనే చేశాను.

అత్తకు తెలియదు. ఏడిస్తే చూపు పోతుందని డాక్టరు మళ్ళీ చెప్పాడు. నలభై రోజులు గడిచేదాకా చెప్పవద్దని కృష్ణవేణమ్మత్తా నేనూ అనుకున్నాం. పులివెందులలో మీ వీధి వాళ్ళకు కబురు పంపాను. అందరూ ఒప్పుకున్నారు.

నీ క్షేమం రాయి.

వేదవ్యాస

•

కొత్త ఢిల్లీ,
6-10-1956.

బావకు జగన్నాథం నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో అందింది. అక్కడ చదవలేక జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగుసార్లు చదివాను. ముడి వేశావని రాసినచోట ఆగిపోతున్నాను.

కర్మలకు నేను రాలేదు. సెలవు దొరకలేదు. పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు తయారుచేసే సెక్షను మాది, ఎవరినీ కదలనివ్వలేదు. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను.

అమ్మకు చెప్పకుండా ఉండి మంచిపని చేశావు. కానీ ఊరికే ఉంటే ఆమెకు అనుమానం రాదా? బిడ్డ ఢిల్లీ చేరిందో లేదో అని మనసు పీకుతూ ఉంటుంది. అందుకని ఈ కవరులోనే అమ్మకు వేరే ఉత్తరం పెట్టాను. కమల క్షేమంగా దిగిందనీ, సర్జను చూశాడనీ, బలానికి మందులు వాడిన తర్వాతే ఆపరేషను అంటున్నాడనీ రాశాను. నాగపూరులో విమానం దిగినప్పుడు కమల కాఫీ తాగిందనీ, అది బాగాలేదని చెప్పిందనీ కూడా రాశాను. అర్ధరాత్రి నాలుగు దిక్కుల నుంచీ తపాలా విమానాలు అక్కడికి వచ్చి సంచులు మార్చుకుంటాయి. ప్రయాణికులను దించి కాఫీ ఇస్తారు. అది నిజమే. చెల్లెలు దిగి ఉంటే అలాగే అని ఉండేది.

ఆదివారం పులివెందుల పోయినప్పుడు చదివి వినిపించు. నీకు కష్టమని తెలుసు. అమ్మ కళ్ళ కోసం.

జగన్నాథం

•

ప్రొద్దుటూరు,
23-10-1956.

చిరంజీవి జగన్నాథానికి,

నీ ఉత్తరం మొన్న ఆదివారం చదివి వినిపించాను. అత్త మూడుసార్లు చదివించుకుంది. కాఫీ సంగతి దగ్గర, “దానికి ఎవురి కాఫీ నచ్చినాది గనక” అంది. కృష్ణవేణమ్మత్త వంటింట్లోకి పోయి చాలాసేపటికి గానీ రాలేదు.

కట్లు విప్పారు. వెలుతురు, మనిషి ఆకారం తెలుస్తున్నాయి. అద్దాలు దీపావళి తర్వాత ఇస్తారు.

అత్త ఢిల్లీ ఎంత దూరమని అడిగింది. మద్రాసు నుంచి విమానం దారిలో పదకొండు వందల మైళ్ళు అని చెప్పాను. మైళ్ళు ఆమెకు అక్కర్లేదు.

“ఎంతసేపు పడుతుంది, అది చెప్పు.”

“ఏడు గంటలు, నాగపూరులో ఆగేది కాక.”

“ప్రొద్దుటూరు నుంచి నువ్వు ఈడికి రావడానికి?”

“బస్సు చెడకపోతే మూడు గంటలు.”

“అయితే ఢిల్లీ అంటే రెండు పులివెందులలూ కొంచెం. అంతే కదరా? దానికా మీరంతా అంత దూరం అంత దూరం అని గోల చేస్తాండేది?”

బడిలో ఇరవై ఏళ్ళుగా భూగోళం చెబుతున్నాను. మద్రాసుకు పోవడానికి ఒక రాత్రి రైలు కలుపుకోమన్నాను. కలుపుకుంది. అయినా దగ్గరే అంది.

కమల కూడా పోయే ముందు వారం నా అట్లాసు ముందు వేసుకుని కూర్చునేది. ముద్దనూరు ఆ పటంలో లేదని కోప్పడేది. మద్రాసు మీద వేలు పెట్టి ఢిల్లీ దాకా గీత గీసి, “జానెడు కూడా లేదు బావా” అనేది. నీకు రాయాలనిపించి రాశాను.

డాక్టరు చెప్పిన నలభై రోజులూ గడిచాయి. వచ్చే ఆదివారం అత్తకు చెబుదామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

వేదవ్యాస

•

కొత్త ఢిల్లీ,
3-11-1956.

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి వెంటనే తంతి ఇచ్చాను. ‘చెప్పవద్దు’ అని. అంది ఉంటుంది. ఆగావనే నమ్ముతున్నాను.

నలభై రోజులు అన్నది డాక్టరు మాట. అమ్మ మనసుకు ఎన్ని రోజులో డాక్టరుకేం తెలుసు? నాన్న పోయినప్పుడు ఆమె ఎలా అయిందో నువ్వు చూశావు. ఆరు నెలలు మంచం దిగలేదు. అప్పుడు వయసుంది. పక్కన కమల ఉంది. ఇప్పుడెవరున్నారు?

అద్దాలు రానీ. నాలుగు రోజులు లోకం చూసుకోనీ. నేను జనవరిలోనో, కుదిరితే డిసెంబరు ఆఖరులోనో సెలవు పెట్టి వస్తాను. ఇద్దరం కలిసి చెబుదాం. ఈలోగా ఆపరేషను వాయిదా పడిందని ఇంకో ఉత్తరం పెడుతున్నాను. ఇక్కడ చలి మొదలైందనీ, కమలకు ఉన్ని శాలువ కొన్నాననీ రాశాను.

మొన్న మన రాష్ట్రం పేరు మారింది. ఆఫీసులో తెలుగువాళ్ళమంతా మిఠాయి పంచుకున్నాం. “మీ చెల్లెలికి ఎలా ఉంది? తీసుకొస్తానన్నారే” అని ఒకాయన అడిగాడు. బాగుంది అన్నాను. నోట్లో నుంచి అలాగే వచ్చింది.

బావా, చెప్పవద్దు.

జగన్నాథం

•

ప్రొద్దుటూరు,
19-11-1956.

చిరంజీవి జగన్నాథానికి,

దీనితో ఉన్న ఉత్తరం నిన్న పులివెందులలో మీ అమ్మ చెబుతుంటే నేను రాసింది. కమలకు రాసింది. రాసేటప్పుడు అద్దాలు పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. చదవడం రాకపోయినా, చెప్పిందంతా రాస్తున్నానో లేదో పంక్తుల పొడుగు చూసి కనిపెట్టింది. ఒక్క మాట మార్చలేదు. పోస్టు చేస్తానని మాట ఇచ్చాను. చేస్తున్నాను.

వేదవ్యాస

పులివెందుల,
18-11-1956.

చిరంజీవి సౌభాగ్యవతి కమలకు మీ అమ్మ సీతమ్మ దీవెనలు.

నాకు అద్దాలు వచ్చినాయి. సీసా అడుగు మాదిరి ఉండాయి. గోడమీద బల్లి కనపడతాంది. కృష్ణవేణికి జుట్టంతా నెరిసిపోయిందని నిన్ననే తెలిసింది. మీ ఆయన శానా చిక్కిపోయినాడు. నా పక్కనే కూర్చోని రాస్తాండాడు, రాయనీ. చొక్కా గుండీ ఊడిపోయుంటే కుట్టుకోల్యాకపోయినాడు. నువ్వుంటే అట్ల తిరగనిస్తావా?

నువ్వు పోయి రెండు నెలలు దాటె. ఒక్క ముక్క నీ చేత్తో రాయలే. అన్నీ మీ అన్నే రాస్తాండాడు. కమల కాఫీ తాగింది, కమలకు శాలువ కొన్నా, కమల బాగుంది. నీకు చేతులు లేవా? ఊపిరాడకపోతే కాళ్ళు నడవవుగానీ, ఒక కార్డు రాసేదానికి ఏమొచ్చె?

పోయేముందు నేను నీ మొగం తడుముతాంటే ఏం చెప్పినావు? అమ్మా, నీకు కళ్ళొచ్చేసరికి వచ్చేస్తా, ముందు నన్నే చూడాల అన్లా? కళ్ళొచ్చినాయి. ముందు నర్సును చూసినా. తర్వాత డాక్టరును. తర్వాత బస్సులో ఎవురో గొర్రెలాయన్ని. కన్నబిడ్డను తప్ప అందర్నీ చూసినా.

దూరమని చెప్పొద్దు. మీ ఆయన్ని అడిగి తెలుసుకున్నా. ఒక్క రాత్రి. రాత్రి అన్నం తిని ఎక్కితే పొద్దున పండ్లు తోముకునేసరికి మద్రాసు. మా అమ్మ కాశీకి పోయినప్పుడు తిరిగొచ్చేదానికి ఐదు నెలలైంది. అప్పుడు మేమెవురం బాధపడలే. దూరం కాబట్టి. నీకేం దూరం? రెండు పులివెందులల దూరంలో కూర్చోని తల్లిని చూడ్డానికి రాకుంటే ఏమనుకోవాల? ఆపరేషను లేదంటిరి. మంచంలో లేవంటిరి. మరి ఏంది అడ్డం?

ఢిల్లీ బాగుండాదేమో. మీ వదిన బాగా చూసుకుంటాందేమో. ఉండు. నాకేం. కృష్ణవేణి నీకు నా కొత్త చీర ఇచ్చి పంపిందంట. దసరాకు నేను కట్టుకోవాల్సింది. సంతోషంగా ఇచ్చినా. కట్టుకున్నావా, పెట్టెలో పెట్టినావా, అదన్నా చెప్పే బుద్ధి లేదు నీకు.

వీధిలో ఎవురూ నీ ఊసెత్తరు. నేనెత్తితే మాట తిప్పేస్తాండారు. మెహరున్నీసా రోజూ కరేపాకు తెచ్చిచ్చి గంట సేపు కూర్చొనేది. ఇప్పుడు గుమ్మం కాడ పెట్టేసి పోతాంది. తల్లిని పట్టించుకోని బిడ్డ గురించి మాట్లాడితే నాకు బాధని వాళ్ళకి తెలుసు. తలెత్తుకోల్యాకుండా చేసినావు.

గండి ఆంజనేయస్వామికి మొక్కుకున్నా, నువ్వు తిరిగొస్తే ఇద్దరం కలిసి పోదామని. గాల్లో పోయే సంగతి ఆయనకు తప్ప ఎవురికి తెలుసు? మార్గశిరంలో నేనొక్కదాన్నే పోతా. నీకోసం కాచుకోను. ఇంకేం రాయొద్దు వ్యాసా, చాలు. దీవెనలని పెట్టు. ఎంతయినా బిడ్డే కదా.

సీతమ్మ

•

కొత్త ఢిల్లీ,
27-11-1956.

బావకు నమస్కారాలు.

అమ్మ ఉత్తరం అందింది. కమలకు వచ్చిన ఉత్తరం కదా, విప్పడానికి చేతులు రాలేదు. ఒక పూట బల్లమీదే ఉంచాను.

నీకు ఒక అబద్ధం రాశాను. సెలవు దొరకలేదన్నది నిజం కాదు. సెలవు మంగళవారం పొద్దునే ఇచ్చారు, నీ తంతి అందిన గంటలో. ఆ రాత్రి మద్రాసు విమానానికి టిక్కెట్టు కూడా తీసుకున్నాను. విమానాశ్రయానికి పోయాను. అందరూ ఎక్కుతున్నారు. నాకు ఒకటే ఆలోచన. ఇక్కడినుంచి ఈ విమానం పోతుంటుంది, మద్రాసు నుంచి కమల రావలసిన విమానం వస్తుంటుంది, రెండూ నాగపూరులో పక్కపక్కన నిలబడతాయి. అక్కడ దిగి ఆ విమానంలోకి చూడకుండా నేనెలా ఉండగలను? ఎక్కలేకపోయాను. ఇంటికీ పోలేదు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. తెల్లవారుజామున మద్రాసు విమానం దిగింది. తంతి జేబులోనే ఉంది బావా. పెన్న ఒడ్డున అయిపోయిందని తెలుసు. అయినా మెట్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎవరో ముసలాయన, ఇద్దరు అధికారులు, బిడ్డనెత్తుకున్న ఒకామె. ఆఖరికి తపాలా సంచులు దించారు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. లేరన్నారు. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది. అడగకుండా వచ్చేసి ఉంటే ఇంకా బాధగా ఉండేదేమో.

ఆమె కోసం వేసిన మంచం తీయలేదు. శాలువ కొన్నానని అమ్మకు రాశాను కదా, రాసిన తర్వాత పోయి నిజంగానే కొన్నాను. అమ్మకు ఉత్తరం రాస్తున్నంతసేపూ కమల పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది. అమ్మకు నిజం చెబితే ఆ ఉత్తరాలు ఆగిపోతాయి. ఆగిపోతే ఇక్కడ కూడా ఉండదు.

ఇప్పుడు నీకు తెలిసింది. అమ్మ కళ్ళ కోసం అని రాశాను. అమ్మ కళ్ళ కోసం కాదు.

అయినా అడుగుతున్నాను. డిసెంబరు ఇరవయ్యో తారీఖు దాకా ఆగు. ఇరవైన బయలుదేరతాను. ఈసారి తప్పకుండా ఎక్కుతాను. అమ్మ కోపంగా ఉంటే ఉండనీ. దుఃఖం కంటే కోపం నయం కదా?

జగన్నాథం

•

ప్రొద్దుటూరు,
8-12-1956.

చిరంజీవి జగన్నాథానికి,

నీ ఉత్తరం అందింది. నువ్వు మెట్ల దగ్గర నిలబడ్డావని తెలిసి నాకు మేలు జరిగింది. ఆ విమానానికి ఎవరూ ఎదురు రాలేదనుకుంటూ ఉండేవాణ్ణి. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

మిగిలినదానికి నీ మాట వినలేను. కారణాలు రాస్తాను.

పోయిన ఆదివారం పులివెందుల పోయాను. కమల పేరెత్తి ఏదో చెప్పబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

“దాని మాట నాకాడ ఎత్తొద్దు. నాకు బిడ్డ లేదనుకున్నా.”

కృష్ణవేణమ్మత్త, “అట్లనొద్దు వదినా” అని గట్టిగా అరిచింది. అత్త ఉలిక్కిపడింది. “నువ్వెందుకే ఏడుస్తాండావు, నిన్నా అనింది?” అంది. అని మా ఇద్దరి ముఖాలూ ఆ అద్దాల్లోంచి చాలాసేపు చూసింది. తర్వాత లేచి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

దుఃఖం కంటే కోపం నయమని రాశావు. కమలను ఏ తప్పుకూ ఎవరూ తిట్టింది లేదు. పోయిన తర్వాత తల్లి తిడుతోంది, మనం పక్కన కూర్చుని వింటున్నాం, కాగితం మీద రాసి పోస్టు చేస్తున్నాం. నేను రాసిన ఆ ఉత్తరంలో ఒక్క మాట కూడా కమలకు తగదు. మనం చెప్పిన అబద్ధానికి ఢిల్లీ దూరం చాలలేదు. కాశీయాత్రల కాలమైతే చాలి ఉండేది. ఒక్క రాత్రిలో వచ్చే చోటునుంచి రాకపోతే, తప్పు దారిది కాదు, మనిషిది అవుతుంది. అత్త లెక్క సరైనదే. మనం ఇచ్చిన అంకె ఒక్కటే తప్పు.

రెండో కారణం. నిన్న మాసికం సంగతి మాట్లాడటానికి పురోహితులు అవధానిగారు వచ్చారు. అత్తకు తెలియదని విని మొదట నమ్మలేదు. తర్వాత కోప్పడ్డారు. పెళ్ళయిన బిడ్డ పోతే తల్లికి మూడు రాత్రుల మైల ఉంది. ఆలస్యంగా తెలిస్తే తెలిసిన రోజు నుంచి పట్టాలి. కానీ మూడు నెలలు దాటితే ఆ మూడు రాత్రులు తగ్గిపోతూ వస్తాయట. ఏడాది దాటాక తెలిస్తే తలకు పోసుకుంటే సరి.

“తలకు పోసుకుంటే సరిపోతుందా?” అన్నాను.

“మైల పోతుంది. మిగిలింది నాకు తెలీదు” అన్నారు. “దేశాంతరంలో ఉన్నవాళ్ళకు పెట్టిన నియమం అది. ఏం చేస్తారు పాపం, కబురే అందదు. మీకేమొచ్చింది? పులివెందుల దేశాంతరమెట్ల అయితాది? మధ్యలో పెన్న తప్ప ఏముంది? దాంట్లో నీళ్ళుంటే కదా అడ్డమనేది!”

దేశాంతరమంటే ఏమిటని అడిగాను. పెద్ద నది అడ్డమున్నా, కొండ అడ్డమున్నా, భాష మారినా దేశాంతరమే అని పెద్దలు కొందరు అన్నారట. ఇంకొందరు ఇవేవీ కాదు, పది రాత్రుల్లో కబురు అందని చోటు దేశాంతరం అన్నారట.

ఆయన పోయిన తర్వాత ఆ మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను. కబురు నీకు మర్నాడు పొద్దునే అందింది. ఢిల్లీ దేశాంతరం కాదు. పులివెందుల దేశాంతరం. నది లేకుండా, కొండ లేకుండా, మూడు గంటల బస్సు దారిలో మనిద్దరం ఆమెను అక్కడ పెట్టాం.

అత్తకు రావలసినవి మూడు రాత్రులు. ఆ మూడు రాత్రులు అత్త పొయ్యి వెలిగించదు. నేలమీద పడుకుంటుంది. మెహరున్నీసా వచ్చి కూర్చుంటుంది. వీధివాళ్ళు మాట తిప్పకుండా కమల పేరు ఎత్తుతారు. ఆమె ఏడుస్తుంది. నువ్వు వచ్చేదాకా ఆగితే మూడు నెలలు దాటుతుంది. అత్త వచ్చే శనివారమే గండికి పోవాలని బండి కూడా మాట్లాడుకుంది. బిడ్డ చచ్చిన మైల తెలియక గుడి మెట్లెక్కిందని తర్వాత తెలిస్తే, అది కూడా తన తప్పే అనుకుంటుంది. ఇన్ని వద్దు.

నాన్న పోయినప్పుడు ఆరు నెలలు మంచం దిగలేదన్నావు. నిజమే. కానీ ఆరు నెలల తర్వాత దిగింది. ఈసారి కూడా దిగుతుంది. దిగకపోతే నేనున్నాను. బడికి పది రోజులు సెలవు పెట్టాను.

చీర సంగతి ముందు చెబుతాను. కట్టుకుందా, పెట్టెలో పెట్టిందా అని అడిగింది కదా. కట్టుకునే పోయిందని చెబుతాను. సుమంగళికి పుట్టింటి నుంచి రావలసింది వచ్చిందనీ, అది తన చీరే అనీ చెబుతాను. మొత్తం మీద నేను చెప్పగల మంచిమాట అదొక్కటే.

నీ చేతికి ఈ ఉత్తరం మంగళవారానికి గానీ రాదు. అందుకే సాయంకాలం తంతి కూడా ఇచ్చాను. రేపు రాత్రి విమానం ఎక్కితే సోమవారం తెల్లవారుజామున మద్రాసులో దిగుతావు. ఆ రోజు రైలు పట్టుకుంటే రాత్రికి ముద్దనూరు. మంగళవారం పొద్దున బస్సుకు పులివెందుల. మూడో రాత్రికి మీ అమ్మ దగ్గర ఉంటావు. నాగపూరులో అందరితో పాటు దిగు. కాఫీ తాగు. బాగుండకపోతే అమ్మకు చెప్పు. ఆ శాలువ తీసుకురా. పులివెందులలో కూడా చలిగానే ఉంది.

ఎక్కలేకపోతే నేనేమీ అనుకోను. అత్త కూడా అనుకోకుండా చూస్తాను.

రేపు పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. పులివెందులలో దిగి, మీ వీధి మలుపు నుంచి గుమ్మం దాకా, అత్తకు వినపడేలా చెప్పులతోనే నడిచి పోతాను.

వేదవ్యాస